సిటీకి కూడా ఒక వేషం రాయండి: హైదరాబాద్ ప్రేమకథలు తీసేవాళ్ళకు ఒక నటుడి బహిరంగ లేఖ

హైదరాబాద్‌లో ప్రేమకథలు రాసేవాళ్ళకు, తీసేవాళ్ళకు, వాటికి డబ్బు పెట్టేవాళ్ళకు నమస్కారం.

నేను క్యారెక్టర్ ఆర్టిస్టుని. పేరు చెప్తే మీలో కొందరికి వెంటనే తట్టకపోవచ్చు గానీ మొహం చూస్తే "అరె, ఈయనా" అంటారు. కుర్రతనంలో హీరో బైకు వెనక సీటు నాదే. తర్వాత హీరోయిన్‌కి అన్నయ్యనయ్యాను. ఇప్పుడు పెళ్ళికి ససేమిరా ఒప్పుకోని తండ్రిగా స్థిరపడ్డాను. ప్రేమికులిద్దరికీ అడ్డం పడటమే వృత్తిగా బతికినవాడిని కాబట్టి, అడ్డం ఎలా పడాలో నాకు కొంచెం తెలుసు. ఈ ఉత్తరం దాని గురించే.

ఈ మధ్య మరో రొమాంటిక్ కామెడీ చేశాను. కథంతా హైదరాబాద్‌లోనే. రిలీజుకు ముందు ఇంటర్వ్యూలు మామూలే. వరసగా కుర్చీలు, వెనక పోస్టరు, ముందు మైకులు. "ఇందులో సిటీ కూడా ఒక క్యారెక్టర్ అట కదా?" అని యాంకర్ అడుగుతుంది. "అవునండీ, హైదరాబాదే మా మూడో లీడ్" అని టీమ్‌లో ఎవరో ఒకరు అంటారు. మా సినిమా ఒక్కటే అనుకోకండి, సిటీలో తీసిన ఏ ప్రేమకథ ప్రమోషన్ చూసినా ఈ ప్రశ్నా ఉంటుంది, ఈ జవాబూ ఉంటుంది. తీరా ఆ మూడో లీడ్‌కి ఎన్ని సీన్లున్నాయని చూస్తే, నాకంటే తక్కువ.

ఏ వేషం వచ్చినా నేను మొదట చూసుకునేది ఒకటుంది. నన్ను తీసేస్తే కథ ఎక్కడైనా ఆగుతుందా అని. ఆగకపోతే అది ఉత్త కాల్షీటు. ఇంటి ఖర్చుల కోసం అవీ చేస్తాననుకోండి. అదే లెక్క సిటీకి పెట్టి చూడండి. మీ స్క్రిప్టులో హైదరాబాద్ అని ఉన్నచోటల్లా కొట్టేసి బెంగళూరు అని రాయండి, లేదా పుణె అని రాయండి. ఒక్క సీనైనా చెడిందా? హీరో సాఫ్ట్‌వేర్. హీరోయిన్ ఆర్కిటెక్టు, లేదంటే బేకరీ పెట్టాలని కలలు కనే అమ్మాయి. కాఫీ షాపులో కలుస్తారు, మాల్‌లో తిరుగుతారు, పబ్‌లో గొడవ పడతారు, ఎయిర్‌పోర్టులో కలిసిపోతారు. పాట మొదలవగానే ఎలాగూ యూరప్. మధ్యలో సిటీ వాటాగా చార్మినార్ మూడు సెకన్లు, నెక్లెస్ రోడ్డు మీద కారు, దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి మీద రాత్రిపూట డ్రోన్ షాట్. 2020 సెప్టెంబరులో ఆ బ్రిడ్జి తెరిచినప్పటినుంచి దాన్ని పైనుంచి, పక్కనుంచి, నీళ్ళలో నీడతో సహా తీసేశారు. దాని మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుని, చెప్పిన టైముకి వెళ్ళలేక, ఆ లేటు వల్ల ప్రేమ పోగొట్టుకున్నవాడు మాత్రం నాకు ఏ సినిమాలోనూ తగల్లేదు.

ఆ కాఫీ షాపు సంగతి కూడా చెప్పుకోవాలి. చాలాసార్లు అది గచ్చిబౌలి అల్యూమినియం ఫ్యాక్టరీలోనో ఏ స్టూడియో ఫ్లోర్ మీదనో వేసిన సెట్టు. సెట్లను తిట్టను, వాటి మీదే నేను అన్నం తిన్నాను. కాకపోతే అక్కడ ఏం జరుగుతుందో ఒకసారి చూడండి. వెనక టేబుళ్ళ దగ్గర కూర్చున్న జూనియర్ ఆర్టిస్టులకు చప్పుడు చేయొద్దని ముందే చెప్తారు. వాళ్ళు పెదాలు మాత్రం కదుపుతూ, ఎవరూ వేయని జోకులకు నవ్వుతూ, ఖాళీ కప్పులు ఎత్తి దించుతూ ఉంటారు. ఆ నిశ్శబ్దంలో హీరో హీరోయిన్లు హాయిగా కుర్చీలకు ఆనుకుని డైలాగులు చెప్పుకుంటారు. అదే సీను నాంపల్లిలోనో సికింద్రాబాద్‌లోనో నిజం ఇరానీ హోటల్లో పెట్టండి. సాసర్ల మోత, కౌంటర్‌కి వినపడేలా వెయిటర్ కేక, బయట ఆటోల హారన్లు, నెత్తి మీద గరగరలాడే ఫ్యాను. మాట వినపడాలంటే ఇద్దరూ ముందుకు వంగాలి. వంగితే తలలు దగ్గరవుతాయి. చెప్పింది సగమే వినపడి "ఏంటీ?" అని అడగాల్సి వస్తుంది. వారం రోజులు ధైర్యం కూడగట్టుకుని మనసులో మాట చెప్పిన కుర్రాడు, ఆమెకు వినపడలేదని తెలిసి, అదే మాట ఈసారి గట్టిగా, పక్క టేబుల్ వాళ్ళంతా తిరిగి చూసేలా చెప్పాల్సి వస్తే వాడి మొహం ఎలా ఉంటుందో ఊహించుకోండి. నటుడికి అంతకంటే ఏం కావాలి?

ఇది నేను కొత్తగా కనిపెట్టింది కాదు. ఈ ఊరు తన గురించి తాను చెప్పుకునే మొదటి ప్రేమకథ ఇలాంటిదే. గోల్కొండలో ఉండే యువరాజు మహమ్మద్ కులీకి మూసీ అవతల చిచ్లం గ్రామంలో ఉన్న భాగమతి మీద మనసైందంటారు. ఏరు పొంగి పారుతున్నా లెక్కచేయకుండా గుర్రం మీద దాటేశాడంటారు. కొడుకు ఏమైపోతాడోనన్న భయంతో తండ్రి ఇబ్రహీం కుతుబ్ షా వంతెన కట్టించాడంటారు. ఆ వంతెనే పురానా పూల్. 1578లో కట్టిన మాట నిజం. మిగతా కథను చాలామంది చరిత్రకారులు నమ్మరు. కులీ పుట్టింది 1565లో, అంటే వంతెన పూర్తయ్యేనాటికి ఆయనకు పదమూడేళ్ళు. భాగమతి అనే మనిషి ఉందా లేదా అన్నదే ఇప్పటికీ తగాదా. ఉండనివ్వండి. ఆ కథ అల్లినవాళ్ళకు మాత్రం స్క్రీన్‌ప్లే తెలుసు. ఇద్దరి మధ్య అడ్డంగా ఊరి నదినే పెట్టారు. నది లేకపోతే గుర్రం లేదు, గుర్రం లేకపోతే తండ్రికి భయం లేదు, వంతెనా లేదు. పైగా ఆ తండ్రి వేషం చూడండి. కొడుకుని గదిలో పెట్టి తాళం వేయలేదు, గుండె పట్టుకుని సోఫాలో పడిపోలేదు, వెళ్ళి బ్రిడ్జి కట్టించాడు. నాకు ఇంతవరకు అలాంటి తండ్రి వేషం ఎవరూ ఇవ్వలేదు.

ఇప్పటి ఊళ్ళో అలాంటి మూసీలు బోలెడున్నాయి. దూరమే తీసుకోండి. అమ్మాయి వనస్థలిపురంలో ఉంటుంది, అబ్బాయి మియాపూర్‌లో. మీ సినిమాలో అర్ధరాత్రి ఆమె ఫోన్ చేసి "చూడాలనుంది" అంటే వాడు పాట సగం అయ్యేలోపు బాల్కనీ కింద ఉంటాడు. ఎలా వచ్చాడండీ? మెట్రో ఆఖరి రైలు ఎప్పుడో వెళ్ళిపోయింది. క్యాబ్ బుక్ చేస్తే డ్రైవర్ ఫోన్ చేసి "ఎక్కడికి సార్?" అని అడిగి, విని, క్యాన్సిల్ చేస్తాడు. నిజం ప్రేమికుడైతే ఎల్బీ నగర్ చేరేసరికి తెల్లారుతుంది, వాళ్ళ నాన్న పాల ప్యాకెట్ కోసం గేటు దగ్గరికి వస్తాడు. ఆ నాన్న నేను. ఆ సీను నాకు ఇవ్వండి, ఎలా చేస్తానో చూడండి.

మెట్రో వచ్చి ఇన్నేళ్ళయింది, 2017 నవంబరులో మొదలైంది. అమీర్‌పేట స్టేషన్‌లో ఎర్ర లైన్, నీలం లైన్ కలుస్తాయి. రోజూ ఒకే టైముకి పైకి వెళ్ళే ఎస్కలేటర్ మీద ఒకరు, కిందికి దిగే ఎస్కలేటర్ మీద ఇంకొకరు. ఎదురుపడతారు గానీ ఎవరూ ఆగలేరు. ముందు బోగీలో కొంత భాగం ఆడవాళ్ళకు కేటాయించారు కాబట్టి, కలిసి రైలెక్కిన జంట కొత్తలో ఎక్కడ నిలబడాలా అని మొహమాటపడుతుంది. ఆమె తన వైపు వెళ్ళకుండా ఇతని పక్కనే జనంలో నిలబడిపోయిన రోజు, ఇద్దరిలో ఎవరూ ఏమీ చెప్పకుండానే సంగతి తేలిపోతుంది. మన సినిమాల్లో మెట్రో ఎందుకు కనిపిస్తుందంటే హీరో పిల్లర్ల కింద బైకు నడుపుతాడు కాబట్టి.

ఇక బస్సు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్ళకు ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ ఇస్తాడు. అమ్మాయి వెనకాల బస్సెక్కే మన హీరో పరిస్థితి ఏమిటో చూడండి. ఆమె ఎన్నిసార్లయినా ఎక్కి దిగొచ్చు, వాడికి ప్రతిసారీ టికెట్టు ఖర్చు. ఆమె పటాన్‌చెరు నుంచి కోఠీ పోయే 218లో కూర్చుని, వాడి జేబు ఖాళీ అయ్యేదాకా కావాలనే బస్సులు మారిందనుకోండి. నెల చివర్లో వాడు కండక్టర్ని అప్పు అడిగే స్థితికి వస్తాడు. వెంటపడటాన్ని ప్రేమ అని చూపించే సీన్లు మనం చాలా తీశాం. కనీసం ఇందులో ఆ వెంటపడేవాడికి బిల్లు పడుతుంది. ఆంధ్రలో కూడా 2025 ఆగస్టు నుంచి ఇలాంటి పథకం వచ్చింది కాబట్టి విజయవాడ సిటీ బస్సులోనైనా తీసుకోవచ్చు, నాకు అభ్యంతరం లేదు.

ఇల్లు దొరకడం గురించి ఒక సినిమా మొత్తం తీయొచ్చు. మీ హీరో నల్గొండ నుంచి ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చిన మధ్యతరగతి కుర్రాడు. ఉండేది మాత్రం షూటింగులకిచ్చే డూప్లెక్సు పై అంతస్తులో, గిటారు, బుద్ధుడి బొమ్మ, లైట్ల తోరణాలతో. నిజంగా వచ్చిన కుర్రాడు అమీర్‌పేటలో, ఎస్సార్ నగర్‌లో హాస్టల్ మంచం పట్టుకుంటాడు. మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ బోర్డుల కింద ఏదో ఒక కోర్సులో చేరతాడు. శ్రీకాకుళం నుంచి వచ్చిన అమ్మాయి అదే బ్యాచ్‌లో ముందు వరసలో ఉంటుంది. ఉద్యోగం వచ్చాక అద్దె ఇంటికి వెళ్తే ఓనర్ ఆంటీ మొదటి ప్రశ్న "బ్యాచిలరా?" రెండోది "నాన్‌వెజ్ వండుతారా?" మూడోది చాలాసార్లు కులం, నేరుగా అడగరు, "మీ ఇంటి పేరేంటి బాబూ" అని మొదలుపెట్టి మెల్లగా అక్కడికి వస్తారు. ఇద్దరూ కలిసి ఇల్లు చూడటానికి వెళ్ళి, అన్నాచెల్లెళ్ళమని చెప్పాలా, పెళ్ళయిందని చెప్పాలా అని మెట్ల మీద కొట్లాడుకుంటారు. నవ్వు వస్తుంది, ఆ వెంటనే చిరాకూ వస్తుంది. మన ఊళ్ళో ప్రేమలో నవ్వు ఎక్కడ పుడుతుందంటే నేను ఆ మెట్లనే చూపిస్తాను.

ఇల్లు లేనివాళ్ళు పార్కుకి పోతారు. అక్కడా ఊరు ఊరుకోదు. 2021 ఆగస్టులో ఇందిరా పార్కు దగ్గర పెళ్ళికాని జంటలకు ప్రవేశం లేదని బ్యానర్ కట్టారు. గొడవ కాగానే జీహెచ్ఎంసీ తీయించేసింది. ఆ బ్యానర్ ఉన్న ఆ కొద్దిసేపట్లో గేటు దగ్గర ఎన్ని కథలు జరిగి ఉంటాయి! వాచ్‌మన్ పెళ్ళి ఫొటో అడిగితే, నలభై ఏళ్ళ కిందట పెళ్ళయిన ముసలి దంపతులు జేబులు తడుముకోవాల్సి వస్తే ఎలా ఉంటుంది? ఆ వాచ్‌మన్‌కే ఒక ప్రేమ ఉండి, ఆమె ఆ గేటు దగ్గరికే వస్తే? ఇక ఫిబ్రవరి 14న పార్కుల్లో దొరికిన జంటలకు అక్కడికక్కడే పెళ్ళి చేస్తామని బెదిరించే గుంపుల సంగతి సరే. ఇంట్లో ఒప్పుకోక తంటాలు పడుతున్న జంట ఒకటి, ఆ గుంపు కోసమే పొద్దున్నుంచి బెంచీ మీద కూర్చుని ఎదురుచూస్తే ఎలా ఉంటుందని నేనొక రచయితని అడిగాను. బాగుంది సార్, సెన్సిటివ్ సార్, అన్నాడు.

సెన్సిటివ్ వద్దంటే నుమాయిష్ తీసుకోండి. 1938లో మొదలైన ఎగ్జిబిషన్, నాంపల్లిలో మామూలుగా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా ఉంటుంది. కశ్మీరు శాలువాల నుంచి లక్నో చికన్‌కారీ కుట్టు బట్టల దాకా దేశం నలుమూలల స్టాళ్ళు. సిటీలో నాలుగు తరాలవాళ్ళు తిరిగిన మైదానం. కథకి కావలసిన గడువు ఆ ఎగ్జిబిషనే పెట్టి ఇచ్చింది. పక్కపక్క స్టాళ్ళలో కూర్చున్న ఇద్దరు, ఒకరు ఈ ఊరి అమ్మాయి, ఇంకొకరు ఫిబ్రవరి 16న మూట కట్టుకుని తన ఊరు పోవాల్సినవాడు. మూసేదానికి ముందురోజు ఏ తారీఖో చూశారా? మన రైటర్లు కూర్చుని అంత కుదురుగా పెట్టలేరు. తప్పిపోయినవాళ్ళ కోసం మైకులో చేసే అనౌన్స్‌మెంట్ కూడా ఉంది. ప్రేమకథలో దాన్ని ఏం చేయాలో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇంకా ఉన్నాయి. నిమజ్జనం రోజు ట్యాంక్‌బండ్ వైపు దారులన్నీ మూసేస్తే అవతలి ఒడ్డున పెళ్ళిచూపులకు వెళ్ళలేని పెళ్ళికొడుకు. సంక్రాంతికి ఊరంతా విజయవాడ రోడ్డు పట్టినప్పుడు పంతంగి టోల్ గేటు దగ్గర పక్కపక్క కార్లలో ఇరుక్కున్న మాజీ ప్రేమికులు. అదే సంక్రాంతికి ఊరెళ్ళకుండా ఖాళీ సిటీలో మిగిలిపోయిన ఇద్దరు. నేను రచయితని కాను, ఇవన్నీ రోజూ కళ్ళముందు కనిపించేవే.

భాష గురించి ఒక్కమాట, ఇది నా సొంత నొప్పి. నేను పుట్టి పెరిగింది చిక్కడపల్లిలో. హీరో స్నేహితుడి వేషాలు వేసినన్నాళ్ళూ నాకిచ్చిన సలహా ఒకటే, "కొంచెం హైదరాబాదీ కొట్టండి, నవ్వుతారు." హీరో ఇదే ఊళ్ళో పుట్టినవాడని కథలో ఉంటుంది, ఆయన మాట మాత్రం ఏ జిల్లాదీ కాదు. అదే నేను ఒకసారి సీరియస్ సీన్‌లో, కూతురు ఇల్లు వదిలి వెళ్ళేటప్పుడు, ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడాను. సెట్‌లో అందరికీ నచ్చింది. థియేటర్లో చూస్తే గొంతు వేరేవాళ్ళది. అడిగితే "ఎమోషన్‌కి అడ్డం వస్తోందని మార్చాం" అన్నారు. ఈమధ్య కొంత మారింది, తెలంగాణ మాట హీరో నోట్లోకి కూడా వచ్చింది, సంతోషం. కానీ ఇప్పటికీ దక్కనీ, అంటే హైదరాబాదీ ఉర్దూ, మాట్లాడితే వాడు ఆటో డ్రైవరో, బిర్యానీ హోటల్ ఓనరో. పాతబస్తీలో ప్రేమంటే వెనకాల ఖవ్వాలీ పెట్టాల్సిందే అన్నట్టు తీస్తారు. అక్కడి పిల్లలు కూడా మనలాగే ఫోన్ ఛార్జింగ్ అయిపోయి తిట్టుకుంటారండీ.

ఇవన్నీ జరగనివని మీరంటారని తెలుసు. జరిగినవే చెప్తాను. 2004లో వచ్చిన 'ఆనంద్'లో శేఖర్ కమ్ముల చేసింది ఏమిటి? ఒంటరిగా ఉంటున్న అమ్మాయి ఇంటి పక్కనే హీరో అద్దెకు దిగుతాడు. ఆ కాలనీ, ఆ ఇరుగుపొరుగు, గోడ అవతలి మాటలు లేకపోతే ఆ ప్రేమకు నడిచే దారి లేదు. 2016లో తరుణ్ భాస్కర్ 'పెళ్ళిచూపులు' మొదలయ్యేదే అడ్రసు తప్పడంతో. వెళ్ళాల్సిన ఇల్లు ఒకటి, వెళ్ళిన ఇల్లు ఇంకొకటి, గది తలుపు బిగుసుకుపోయి ఇద్దరూ లోపల ఉండిపోతారు. కాలనీలో ఇల్లు వెతుక్కున్న ప్రతివాడికీ ఆ పొరపాటు తెలుసు. ఆ సినిమాలో సింక్ సౌండ్ వాడారు, షూటింగ్‌లో పలికిన మాటే థియేటర్లో వినిపిస్తుంది. జాతీయ అవార్డుల్లో ఉత్తమ తెలుగు చిత్రంగా కూడా నిలిచింది. అంతకుముందే 1998లో నగేష్ కుకునూర్ తానే రాసి, తీసి, నటించిన 'హైదరాబాద్ బ్లూస్' ఉంది. అమెరికా నుంచి వచ్చినవాడు సొంత ఊళ్ళో పరాయివాడైపోవడమే అందులో కామెడీ. తెలుగులో మనమెందుకు ఆ దారిలో ఎక్కువ దూరం పోలేదో నాకు అర్థం కాదు.

హైదరాబాద్ దాటి చూస్తే విశాఖపట్నం మనకంటే ఎప్పుడూ ఒక అడుగు ముందే. పరిశ్రమ మద్రాసులో ఉన్న రోజుల్లో, 1980ల్లో, జంధ్యాల గారు కామెడీలు, ప్రేమకథలు తీసుకెళ్ళి వైజాగ్‌లో తీశారు. ఎత్తుపల్లాల వీధులు, కొండ మీద ఇళ్ళు, మలుపు తిరగ్గానే సముద్రం. ఆ ఊళ్ళో మనిషి నడుస్తుంటే ఫ్రేమ్ దానంతటదే మారిపోతుంది. 2018లో 'కేరాఫ్ కంచరపాలెం' వచ్చినప్పుడు ఆ పేటలో ఉండేవాళ్ళే ఎక్కువమంది వేషాలు వేశారు. కెమెరా ముందు అంతకుముందు నిలబడనివాళ్ళు మాలాంటి అనుభవజ్ఞులను సిగ్గుపడేలా చేశారు. నేర్చుకున్న నటన లేకపోవడం ఒక కారణం కావచ్చు. వాళ్ళు నడిచిన వీధి వాళ్ళదే కావడం అంతకంటే పెద్ద కారణమని నా నమ్మకం. ఏ మెట్టు ఎత్తుగా ఉందో కాలికి తెలిసినవాడి నడక వేరు.

నిర్మాతలు పెదవి విరవకముందే వాళ్ళ బాధ కూడా చెప్తాను, అది అబద్ధం కాదు. చార్మినార్, గోల్కొండ పురావస్తు శాఖ చేతిలో ఉన్నాయి. మెట్రోకి వేరే అనుమతి, రైల్వే స్టేషన్‌కి వేరే, రోడ్డు మీద ట్రైపాడ్ పెడితే పోలీసులు, ట్రాఫిక్. ఫీజులు కట్టి, సంతకాల చుట్టూ తిరిగి తీరా కెమెరా పెడితే హీరోని చూడటానికి వందమంది ఫోన్లు పట్టుకుని నిలబడతారు. సెట్టు వేసుకుంటే ఆ టెన్షన్ లేదు. పెద్ద హీరో ఉన్న సినిమాకి ఆ మాట ఒప్పుకుంటాను. కానీ రొమాంటిక్ కామెడీలు ఎక్కువగా కొత్త మొహాలతోనే తీస్తున్నారు కదా? వాళ్ళ కోసం ఎవరూ గుమిగూడరు. పొద్దున్నే చిన్న యూనిట్‌తో వెళ్ళొచ్చు. క్యారవాన్లు మూడు వీధుల అవతల పెట్టొచ్చు. నన్ను చూసి కూడా ఎవరూ గుమిగూడరు, "ఎక్కడో చూశాను అంకుల్" అని వెళ్ళిపోతారు. అనుమతుల సంగతి ప్రభుత్వాలతో తేల్చుకోవాల్సిందే, అది వేరే ఉత్తరం.

అందుకని మిమ్మల్ని అడిగేది పెద్దదేమీ కాదు. స్క్రిప్టు మొదటి పేజీలో హీరో ఇంటి అడ్రసు రాయండి, ఏరియా పేరుతో, వీధి నంబరుతో. అద్దె ఎంతో రాయండి. ఆఫీసుకి ఏ బస్సు ఎక్కుతాడో, ఎక్కడ మారతాడో రాయండి. హీరోయిన్ హాస్టల్ గేటు రాత్రి ఎన్నింటికి మూస్తారో రాయండి. తర్వాత ఇద్దరినీ కలపడానికి ప్రయత్నించండి. ఎక్కడ కుదరలేదో అక్కడ సీను పుడుతుంది. షూటింగ్‌కి ముందు ఇద్దరు ఆర్టిస్టుల్నీ ఒక సాయంత్రం ఆ దారిలో, ఆ బస్సులో పంపండి, మేనేజర్లు లేకుండా. వర్క్‌షాప్‌లో వారం రోజులు కళ్ళలోకి కళ్ళు పెట్టి చూసుకోవడం కంటే అది ఎక్కువ పనిచేస్తుందని నటుడిగా మాటిస్తాను.

అలాంటి కథ ఎవరి దగ్గరైనా ఉంటే కబురు చేయండి. తండ్రి వేషం ఇప్పటికే ఎవరికైనా ఇచ్చేసి ఉంటే పర్లేదు. కులం అడిగే ఇంటి ఓనర్‌గానో, ఇందిరా పార్కు వాచ్‌మన్‌గానో చేస్తాను. కారు పంపక్కర్లేదు. డబ్బింగ్ మాత్రం నేనే చెప్పుకుంటాను.

ఇట్లు,
మీ క్యారెక్టర్ ఆర్టిస్టు